నల్లరాళ్ల దీవిలో కొత్తపేట

మా పై వాటాలో రోహిణి మేడం ఒక్కరే ఉంటారు. వనస్థలిపురంలో మా గల్లీకి ఆమె ‘రాళ్ల మేడం’. ఆర్టీసీ కండక్టరుగా రిటైరైనవాణ్ణి, వచ్చీపోయేవాళ్లను గమనించడం నాకు అలవాటు. ఆమె ఇంటికి చుట్టం రాగా చూడలేదు.

రాళ్లకు వయసు కట్టడం ఆమె పని. రాయిని కాల్చి, లోపల చిక్కుకున్న గాలిని కొలిస్తే ఎన్ని లక్షల ఏళ్లదో తెలుస్తుందట. హిందూ మహాసముద్రంలో మనిషన్నవాడు లేని ఓ అగ్నిపర్వతపు దీవికి, ఆఫీసులో తోటి ఉద్యోగి పట్టాభి గారితో కలిసి వెళ్లొచ్చారు. లావా పొరకు దగ్గర్లోని ఊరి పేరు పెట్టాలట, మనిషి పేరు పనికిరాదట. ఊరే లేని చోట ఊరి పేరెక్కడిది? పట్టాభి గారు తాను రోజూ ఎక్కే మా రూటు బస్సు స్టాపుల పేర్లు పెట్టేశారు. ఒడ్డున దిల్‌సుఖ్‌నగర్, మధ్యలో కొత్తపేట, కొన మీద ఎల్బీ నగర్. ఆఫీసులో పైవాళ్లూ సరేనన్నారు. అది విని నేను నవ్వీ నవ్వీ దగ్గాను. నేను గొంతు చించుకుని అరిచిన పేర్లు సముద్రం దాటాయి మరి!

అయితే దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట వేర్వేరు పొరలన్నది ఒక్క పట్టాభి గారి పట్టు. రెండు పొరల మధ్యా రాళ్లు జారి కప్పేయడంతో కంటికి తేలలేదు. ఆ రాళ్ల వయసు తేలేలోపే, ఈ వేసవిలో, ఆయన గుండె ఆగిపోయింది.

మొన్న సాయంత్రం మేడం మెట్ల మీద కూలబడి ఉన్నారు.

“వయసు తేలింది. రెండూ ఒకటేనండీ యాదగిరి గారూ. ఒకే లావా. కొత్తపేట అన్న పేరు కొట్టేయాలి.”

“ఎవలకెరుక మేడం? జర ఉండనియ్యుండ్రి. పోయినాయన గుర్తు గదా.”

“ఆయనే ఉంటే నాకంటే ముందు కొట్టేసేవారు. నాకే చెయ్యి రావడం లేదు. ఆయన పేరు ఎలాగూ పెట్టనివ్వరు. ఆయన పెట్టిన పేరూ తీసేస్తే ఇంకేం మిగిలిందండీ?”

ఆయనంటే ఆమెకు ఎంత ఇష్టమో అప్పుడు తెలిసింది. ఆ సంగతి ఆయనకు చెప్పారో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడు ఆ పేరు కొట్టేసి రిపోర్టు పంపేశారు. ఆ సాయంత్రమే దిల్‌సుఖ్‌నగర్‌లో ఇద్దరం ఒకే బస్సెక్కాం. ఇప్పటి కండక్టర్లకు స్టాపుల పేర్లు అరిచే ఓపికెక్కడిది, ఫోన్లు చూసుకుంటారు. చైతన్యపురి దాటాక ఆమె నా వైపు తిరిగారు.

“ఒక్కసారి మీరు చెప్పరూ?”

లేచి నిలబడ్డాను. “కొత్తపేట! కొత్తపేట దిగేటోళ్లు ముంగటికి రావాలె!”

బస్సు ఆగింది. ఎవరూ దిగలేదు. మేడం కిటికీ వైపు తిరిగి ఏడుస్తున్నారు. డ్రైవరు అద్దంలో నన్ను కోపంగా చూస్తున్నాడు. బస్సు కదలాలంటే రైట్ రైట్ అనాలి. ముప్పై ఏళ్లు అన్న మాట. ఆ పూట నోటికి రాలేదు.