ఆర్పని కర్పూరం

కస్టమరు దేవుడని మా అంగట్లో గోడమీద రాసి ఉండేది. మరి మేమేమన్నా దయ్యాలమా అన్నా అని ఒకసారి మేనేజరును అడిగాను. నవ్వాడు. ప్రొద్దుటూరులో అదొక ఫోన్ల షోరూము. వచ్చేవాళ్ళకు అద్దాల తలుపు తీసి నమస్కారం పెట్టేవాళ్ళం. సాయంత్రం మేము ఇంటికి పోయేటప్పుడు మాత్రం సంచులు బల్లమీద బోర్లించాలి, అన్నం గిన్నెల మూతలు తీయాలి. అడుగున మిగిలిన చద్దన్నాన్ని మేనేజరు చెంచాతో కెలికి చూసేవాడు, అందులో ఫోను పూడ్చిపెట్టుకుని పోతామేమోనని. ఆ చెంచా ఎన్ని గిన్నెల్లో తిరిగొచ్చిందో, దాన్ని కడిగిన పుణ్యాత్ములెవరో తెలియదు. అందుకే నేను మధ్యాహ్నమే గిన్నె ఊడ్చి తినేసేదాన్ని.

నేను జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. నాయన పోయాక ఇంట్లో అమ్మ, నేను, ఇద్దరమే. మాది తాతల నాటినుంచి చర్చికి పోయే కుటుంబం. అమ్మ టీచరుగా చేసి రిటైరయింది. ఆదివారం పిల్లలకు పాఠాలు చెప్పేది. చర్చిలో కానుకల పెట్టె తాళంచెవి ఆమె కొంగుకే ఉండేది. అది కట్టుకుని ఆమె వీధిలో నడుస్తుంటే కలెక్టరు ఎదురొచ్చినా పక్కకు తప్పుకోవాల్సిందే అని ఇరుగుపొరుగు ఎగతాళి చేసేవాళ్ళు. ఎగతాళి అయినా అందులో మర్యాద ఉండేది. అమ్మకు ఆస్తీ అదే, నగా అదే.

ఇంక దొంగతనం సంగతి. డెమో ఫోన్లని ఉంటాయి. డబ్బాలోంచి తీసి, వచ్చినవాళ్ళు చేత్తో పట్టుకుని చూసుకోవడానికి బల్లమీద వరసగా నిలబెట్టేవి. ప్రతి ఫోను వెనకా చుట్టలు చుట్టుకున్న తీగ, ఆ తీగ చివర ఒక అలారం ఉంటాయి. గట్టిగా లాగితే అలారం కూస్తుంది. పిల్లలు ఊరుకుంటారా! రోజంతా లాగడమే, అది కూయడమే. ఒకరోజు ఓనరు మంచి బేరం మధ్యలో ఉండగా కూసింది. "ఇదేంది బేరం కుదిరే పొద్దుకు నక్క కూసినట్ల? పీకి పారేయండి" అన్నాడు. పీకేశారు. తీగలు మాత్రం అలాగే ఉంచారు, చూసేవాళ్ళకు భయం ఉండాలని. కెమెరాలూ ఉన్నాయి, కానీ అన్నీ గల్లాపెట్టె వైపే తిరిగి ఉండేవి. డెమో బల్ల వైపు ఒక్కటీ లేదు. ఆయన భయమంతా మామీదే గానీ బయటివాళ్ళమీద కాదు కదా.

ఆ బల్ల నాది. పెళ్ళిళ్ళ రోజులు, అంగడి కిటకిటలాడుతోంది. మంచి బట్టల్లో ఒక కుటుంబం వచ్చింది. మొగుడు, పెళ్ళాం, ఒక ముసలామె. మొగుడు ఫోను కవర్లు చూపించమన్నాడు, పెళ్ళాం రంగు బాగలేదంది. అంతలో ముసలామె నుదురు పట్టుకుని "తల్లీ, కండ్లు తిరుగుతాండాయి, రొన్ని నీళ్ళియ్యవా" అంది. పరిగెత్తుకుంటూ పోయి గ్లాసు నింపుకొచ్చాను. తాగింది. "మళ్ళా వస్తాంలేమ్మా" అని లేచారు. పోతూ పోతూ ఆ ముసలామె నా బుగ్గ నిమిరి "సల్లగా బతుకు తల్లీ" అని దీవించి మరీ పోయింది. తిరిగి చూస్తే అన్నింటికంటే ఖరీదైన ఫోను లేదు. తెగిన తీగ ముక్క వేలాడుతోంది. దొంగ దీవెన గదా, బాగానే ఫలించింది.

నేనే అరిచాను. నేనే రోడ్డుమీదికి పరిగెత్తాను. ఎవరున్నారు? బస్టాండు దాకా జనం, ఆటోలు. తిరిగొచ్చేసరికి ఓనరు తీగ ముక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ లేవదు. అందుకే అందరికీ హడలు.

"అలారం పీకినామని బయటోనికి ఎట్ల తెలుస్తాదిమ్మా?" అన్నాడు. "లోపలోళ్ళ చెయ్యి లేకుండా ఈ పని కాదు."

"సార్, నీళ్ళడిగిన ముసలామె..."

"బల్ల నీది గదా."

పోలీసుల దగ్గరికి పోదామన్నాను. అంగడి పేరు చెడుతుందన్నాడు. తీసినవాడు తేలకపోతే అందరి జీతాల్లో కోత పడుతుందని కూడా చెప్పాడు. అంతవరకు "పాపం" అన్న మొహాలు ఆ మాటతో నా వైపు తిరిగిన తీరు ఇప్పటికీ మరిచిపోలేదు. చివరికి ఓనరు లేచి, "పొద్దున అందరూ తలకు పోసుకుని గుడికాడికి రాండి. ప్రమాణం చేద్దురు" అన్నాడు.

మా సీమలో ఇది కొత్తేమీ కాదు. నాయకులే మైకుల ముందు "దమ్ముంటే ప్రమాణానికి రా" అని ఒకరినొకరు సవాలు చేసుకుంటారు. దేవుని ఎదుట కర్పూరం వెలిగిస్తారు. "నేను ఈ తప్పు చేయలేదు, చేసింటే నా ఇల్లు నాశనమైపోను" అని అరచేత్తో ఆ మంట ఆర్పాలి. ఆర్పినవాడు మంచోడు, వెనక్కి తగ్గినవాడు దొంగ. సాక్ష్యం అక్కర్లేదు, కోర్టు అక్కర్లేదు.

మరుసటి రోజు అంగడి తీయకముందే గుడి దగ్గర చేరాం. మేనేజరు తడి తలతో ముందుగా ఆర్పాడు. తర్వాత ఒక్కొక్కరే ఆర్పారు. నా పక్క కౌంటరు పిల్లవాడు సాయిబుల అబ్బాయి, వాళ్ళ నాయన కువైట్‌లో పనిచేస్తాడు. అతను తెల్లవారుజామునే దర్గాలో ఒట్టేసి వచ్చేశాడు. మిగిలింది నేను.

"మీరు కిరస్తానమోళ్ళు గదా, కర్పూరం ఆర్పమని నేను అడగను" అన్నాడు ఓనరు, ఎంతో న్యాయం చేస్తున్నట్టు. "మీ పుస్తకం తెప్పిస్తా. దాని మీద చెయ్యేసి చెప్పు సాలు. నాకు అందరి దేవుండ్లూ ఒకటే."

"నేను తీయలేదు సార్. నిన్న చెప్పినా, ఈ పొద్దు చెప్తాండా. ఎన్నిసార్లన్నా చెప్తా. ఒట్టు మాత్రం పెట్టను."

"ఏం, ఎందుకు పెట్టవు?"

"మా ఇంట్లో ఆ అలవాటు లేదు."

నిజంగానే లేదు. చిన్నప్పుడు ఆటలో "దేవుని తోడు" అన్నందుకు అమ్మ మూతిమీద కొట్టింది. ఉంటే ఉందని చెప్పాలి, లేకుంటే లేదని చెప్పాలి, ఒట్టుతో అవసరం అబద్ధాలోళ్ళకే అనేది. మా మతంలో అందరూ అంత పట్టింపుగా ఉంటారని కాదు. అమ్మ ఉండేది. ఆమెకు అదొక్కటే గర్వం. నేను అంత భక్తురాలిని కాను, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అంతమంది ముందు ఆ మొహాలు చూస్తుంటే నాకూ పంతం వచ్చింది. వీళ్ళ ముందు నా మాటకు ఇంకో మాట జామీను ఎందుకు నిలబడాలి?

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే బుజాలు తడుముకున్నట్లుందే ఈమె యవ్వారం!" అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో హమ్మయ్య అన్న ఊపిరి వినిపించింది నాకు. జీతాలు దక్కాయి కదా. రోజూ నా గిన్నెలో చేయి పెట్టి ఉర్లగడ్డ తాళింపు తిన్న పిల్ల కూడా నవ్వింది.

సాయిబుల అబ్బాయి ఒక్కడే దగ్గరికొచ్చి మెల్లగా "చెప్పేయ్ అక్కా. ఒక్క మాటకు నోరేమన్నా అరుగుతాదా?" అన్నాడు. మంచితనంతోనే అన్నాడు పాపం. నేను తల ఊపలేదు.

"ఇంగ అంగడికి రాబాకు" అన్నాడు ఓనరు. పూజారి టెంకాయ కొట్టి ముక్కలు పంచాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఓనరు మొహం చూసి పళ్ళెం పక్కకు తిప్పుకున్నాడు. ఇచ్చి ఉంటే నేను తినేదాన్నో లేదో వేరే సంగతి.

ఇంటికి పోయి చెప్తే అమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. "మంచి పని చేసినావు. పని పోతే పోయిందిలే, నాలుక నిలబడింది" అంది. ఆ రోజు గుడ్లకూర చేసింది. పని పోయిన బాధ సగం తగ్గింది.

కానీ మాటకు కాళ్ళుంటాయి. మా చర్చివాళ్ళలో ఎవరో పెళ్ళి బంగారానికి ప్రొద్దుటూరు పోయి, ఫోను కూడా కొందామని అదే అంగడికి పోయారట. మేనేజరు వాళ్ళకు కథంతా చెప్పాడట. కర్పూరం ఆర్పమంటే పారిపోయిందని, పుస్తకం ముట్టుకోవడానికే వణికిందని. తర్వాతి ఆదివారం నేను బెంచీ మీద కూర్చోగానే పక్కామె చేతిసంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. అలవాటుగా పెట్టుకుందేమోలే అనుకున్నాను. వెనక బెంచీలో ఇంకొకామె కూడా అదే పని చేసింది.

ఆ వారంలోనే సంఘం పెద్ద ఒకాయన ఇంటికొచ్చాడు. కాఫీ తాగాడు, అమ్మ మోకాళ్ళ నొప్పి అడిగాడు, వానల గురించి మాట్లాడాడు. లేవబోతూ "టీచరమ్మా, ఆ తాళంచెవి కొన్నాళ్ళు మాకాడ ఉండనీ. నీ మీద అనుమానం కాదు సుమా. జనం నోళ్ళు మంచివి గావు" అన్నాడు. అమ్మ తాళంచెవి విప్పబోయింది. కొంగు ముడి బిగుసుకుపోయి రాలేదు. పళ్ళతో లాగి విప్పి ఇచ్చింది. ఆయన దాన్ని జేబులో వేసుకుని, ప్రార్థన చేసి మరీ పోయాడు.

ఆ తర్వాత అమ్మ నాతో మాట్లాడటం తగ్గించింది. అన్నం పెట్టేది, పక్కకు తిరిగి కూర్చునేది. నా పని పోతే పోయింది. ఆమె కొంగు బోసిపోవడం నేను చూడలేకపోయాను. ఓనరు తన నోటితో అమ్మకు ఒక్క మాట చెప్తే చాలు, మీ పాప దొంగ కాదని. చెప్పించకుండా వదలకూడదనుకున్నాను. ఆయన పులివెందులలో కొత్తగా తెరిచిన బ్రాంచిలో ఉన్నాడని తెలిసి, ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కాను. నడవ నిండా చీనీకాయల మూటలు, బయటివాళ్ళు బత్తాయిలంటారే అవి. నిలబడే పోయాను.

లోపలికి పోగానే డెమో బల్ల కనిపించింది. ఒక స్టాండు ఖాళీగా ఉంది, దాని వెనక తెగిన తీగ.

"ఇదేందిమ్మే, ఇదెప్పుడు పోయింది?" అని అక్కడి పిల్లను అడిగాను.

"శాన్నాళ్ళాయెక్కా, ఈ అంగడి తెరిచిన వారానికే. ఎవరో ముసలామె కండ్లు తిరుగుతాండాయి అనె, నేను నీళ్ళకు పోతి..." అంది ఆ పిల్ల. మా దగ్గర పోవడానికి ఎన్నో రోజుల ముందు జరిగింది అది.

ఓనరు వెనక గదిలో చీనీకాయ ఒలుచుకుంటున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "రామ్మా, ఎండన పడి వచ్చినావు. కూర్చో" అన్నాడు.

"ఈడ కూడా అట్లనే పోయింది గదా! అదే ముసలామె! అంటే మా కాడ పోయినపొద్దే నీకు తెలుసు గదా సార్, నేను తీయలేదని?"

"తెలుసు" అన్నాడు, గింజ ఊసి.

ఎంత తేలిగ్గా అన్నాడంటే, సరిగ్గా విన్నానో లేదోనని మళ్ళీ అడిగాను. మళ్ళీ తెలుసనే అన్నాడు.

"మరి ప్రమాణానికి ఎందుకు నిలబెట్టినావప్పా మమ్మల్ని?"

"కర్పూరం ఆర్పితే దొంగ దొరుకుతాడని నేను నమ్ముతాననుకుంటివా? అలారం లేదు, కెమెరా లేదు, ఇంత సరుకు మీ చేతుల్లో పెట్టుకున్నా. ఎవురో ఒకరు పోతేనే మిగతావాళ్ళు వంగుంటారు. ఎవుర్ని తీయాల్నా అని చూస్తాంటి. నువ్వు నీయంతట నువ్వే పక్కకు నిలబడితివి. నాకు పని తప్పించినావు."

"సరే. నాకు పనొద్దు, ఏం వద్దు. మా అమ్మకు ఒక్క ఫోను చేసి చెప్పప్పా. ఈ పాప తీయలేదని, ఒక్క మాట. నీకు దండం పెడతా." దండం పెట్టాను కూడా. ఆ చేతుల్ని తలుచుకుంటే ఈ రోజుకూ నాకు నామీదే అసహ్యం వేస్తుంది.

"చెప్తే మా పనోళ్ళ చెవిన పడదా? ఇంగ భయమెవరికి ఉంటాది?" అని ఒలిచిన తొనలు నా ముందుకు జరిపాడు. "తిను."

తొనలు ఆయన చొక్కామీదికి విసిరికొట్టాను. "నీ అంగడి మన్నైపోను! నీ నోట్లో మన్ను బడ!" అని అరుస్తూ బయటికొచ్చాను. నీళ్ళకు పోయిన పిల్ల తలుపు దగ్గర నిలబడి అంతా వింది. నన్ను చూసి తల దించుకుని బల్ల తుడవడం మొదలుపెట్టింది. నా వెంట వచ్చి మా అమ్మకు ఒక్క మాట చెప్పవా అని దాన్ని కూడా అడిగాను. "నా పని పోతాదక్కా" అంది.

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. ఖాళీ స్టాండు సంగతి, ముసలామె సంగతి, ఓనరు అన్న ప్రతి మాటా చెప్పాను. అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింది. అయ్యాక చేట పక్కన పెట్టింది.

"ఆయప్ప తెలుసన్నాడని నువ్వు చెప్తాండావు" అంది.

"అంటే ఏందిమ్మా?"

"ఏం లేదు. ఇట్ల రా. నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్పు, తీయలేదని."

నాకు ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది. "ఉంటే ఉంది, లేకుంటే లేదు అని నువ్వే గదమ్మా నేర్పిస్తివి!" అన్నాను.

"నేర్పిస్తిలే. పెట్టు."

నేను కదలకపోతే ఆమే నా చెయ్యి లాక్కుని తన తలమీద పెట్టుకుంది. వెంట్రుకలు పలచబడి మాడు వేడిగా తగిలింది. తీయలేదమ్మా, నీమీద ఒట్టు, అన్నాను. అనేశాను.

అమ్మ మొహం తేటపడింది. ఎన్నాళ్ళకో గుండెనిండా ఊపిరి పీల్చుకుని, కళ్ళు తుడుచుకుని, చేట తీసుకుని లేచింది. వంటింట్లోకి పోతూ గడపలో ఆగి, ఎంతో ప్రేమగా, "ఈ మాటేదో ఆ పొద్దు ఆడ్నే చెప్పింటే అయిపోయేది గదమ్మా" అంది.