అక్క ఇంటి బావి

బొగ్గు గని లోతుకు పోయేకొద్దీ చుట్టుపక్కల బావులు ఎండిపోయాయి. వాటిని ఇంకా లోతు తవ్వే పూడికల మామకు మాత్రం చేతినిండా పనే. "గని చల్లగా ఉండాలి, నా పొయ్యి వెలుగుతుంది" అని నవ్వేవాడు.

ఈ వేసవిలో సొంత అక్క ఇంటి బావిలోకి దిగాడు. మోకాళ్ల దాకా నీళ్లున్నాయి. గడ్డపార ఎత్తేలోపే కాళ్ల కింద రాయి వణికింది. చూస్తుండగానే నీళ్లన్నీ ఒక పగులులోకి గటగటా జారిపోయాయి. ఆ పగులులోంచి వేడిగాలి, దాని వెంట యంత్రాల రొద వచ్చాయి.

"బావా, తాడు లాగు!" అని కేకేశాడు.

పైకి లాగిన బావ, "ఏం బావమరిదీ, అప్పుడే ఊట పడిందా?" అని ఆటపట్టించాడు.

అతను నవ్వలేదు. "అక్కనీ పిల్లల్నీ బయటికి పిలు" అన్నాడు.

ఆ ఇల్లు ఇంకా నిలబడే ఉంది. లోపల మాత్రం ఎవరూ పడుకోవడం లేదు.