మాస్టారి కొబ్బరినూనె

మా చిక్కడపల్లి డ్రాయింగు మాస్టారు పోయారు. మొన్న పొద్దున్న పాలు పోసే ఆమె గిన్నె అందిస్తూ, "సైకిల్ సార్ లేడంట సార్, నిద్రలనే పాణం పోయిందంట" అంది. చిక్కడపల్లి, నారాయణగూడ దారుల్లో ఆయన ఆ సైకిలు మీద వెళ్తుంటే మీలోనూ చాలామంది చూసే ఉంటారు. అది ఇప్పుడు అశోక్‌నగర్‌లో మా వాటా మెట్ల కింద ఉంది.

గేర్లున్న పాత రేసు సైకిలు అది. వయసులో ఉన్నప్పుడు, ఊరు విడిచి పోతున్న ఓ దొర దగ్గర కొన్నారట. మోకాళ్ళు మొరాయించాక, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి బస్సుల కోసం పడిగాపులు కాస్తున్న నన్ను పిలిచి ఇచ్చేశారు. "ఊకె పెడితె తుప్పు పడ్తది, మీరు తొక్కుండ్రి" అన్నారు.

చలికాలం రాగానే దాని గేరు లీవరు బిగుసుకుపోయింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఎంత లాగినా కదలదు. ఆ సంగతి చెబితే మాస్టారు పాడు వస్తువు నాకు అంటగట్టినట్టు నొచ్చుకున్నారు. ఇక ప్రతి ఆదివారం హాజరు. బోల్టు విప్పి, లీవరును కిరసనాయిల్లో కడిగి, గుడ్డతో తుడిచి, జేబులోంచి చిన్న సీసా తీసి, మొదట్నుంచీ దానికి వాడుతున్న కొబ్బరినూనే వేసేవారు. చేతికి మిగిలిన జిడ్డు నెత్తికి రాసుకునేవారు. నేను లీవరును గట్టిగా లాగబోతే, "జోరు చెయ్యకుండ్రి, జర బతిమాలితె అదే వస్తది" అనేవారు. బళ్ళో పిల్లలతోనూ అలాగే ఉండి ఉంటారు. పని కాసేపే. కాఫీ, మా ఆవిడ వేసిన పెసరట్టు, కబుర్లు మాత్రం మధ్యాహ్నం దాకా సాగేవి. వాళ్ళింట్లో ఉండేది ఆలుమగలిద్దరే. ఊళ్ళో గొడవలు మొదలై, మీ ప్రాంతం మా ప్రాంతం అంటూ పలకరింపులు తగ్గిపోయిన రోజుల్లో కూడా ఆయన రావడం మానలేదు.

ఒకరోజు లీవరు మళ్ళీ మొండికేసింది. ఆలస్యంగా వెళ్ళి ఆఫీసరు చేత చివాట్లు తిన్నాను. ఆ మంటతో సైకిలును నారాయణగూడలో ఒక షాపులో పడేశాను. మెకానిక్కు లీవరు విప్పి వాసన చూశాడు.

"కొబ్బరినూనె ఎవలు పోసిండ్రన్నా? చలికి గడ్డ కడ్తది గద" అని, శుభ్రంగా కడిగి మిషను నూనె వేసిచ్చాడు.

ఆదివారం మాస్టారు వచ్చారు. "ఇంక అక్కర్లేదండీ. ఇన్నాళ్ళూ మీ కొబ్బరినూనె వల్లే బిగుసుకుందట" అన్నాను. నవ్వుతూనే అన్నాను, అదేదో గొప్ప చమత్కారమైనట్టు.

ఆయన లీవరును ముందుకూ వెనక్కూ తిప్పి చూశారు. "అంటె నేనే ఖరాబు చేసిన్నన్నట్టు" అన్నారు. కాఫీ తాగమంటే ఇంట్లో పనుందన్నారు.

ఆ తర్వాత రాలేదు. "మాస్టారు రావట్లేదేం, ఈ గొడవల వల్లా?" అని మా ఆవిడ అడిగితే, "అయ్యుంటుంది" అన్నాను. ఎంత సిగ్గుమాలిన మాట. వెళ్ళి, రండి మాస్టారూ, కాఫీ తాగుదాం అంటే సరిపోయేది. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఎండాకాలం దాకా లాగాను.

నిన్న పరామర్శకు వెళ్ళాను. ఆయన భార్య నాకు చాప చూపించి, తనే మాట్లాడింది.

"పోయి కలిసి రారాదుండ్రి అని ఎన్నిసార్లో అన్న బాబూ. పనేం లేదు గద, ఏమని పోవాలె అనేటోళ్ళు. మీరు పొద్దుగాల ఈ గల్లీలకెల్లే పోతుంటిరి గద, సైకిల్ చప్పుడు ఇనంగనే అరుగు మీదికొచ్చి నిలబడుతుండిరి. మంచిగ పోతున్నదా లేదా చూద్దమని."

నాకు తెలియదని అనలేకపోయాను. అరుగు మీద ఆ తెల్లపంచె రోజూ కంటికొసకు తగిలేది. మొహం చూపించలేక, ఆ ఇల్లు దగ్గరపడగానే గేరు మార్చి జోరు పెంచేవాణ్ణి. లీవరుకు వేలు తాకితే చాలు, గేరు పడేది. ఆయన చెయ్యి పైకెత్తుతుండగానే నేను మలుపు తిరిగిపోయేవాణ్ణి.