దవాఖానకు పోయిన కుక్కర్

తిరుమలగిరి చుట్టుపక్కల ఏ ఊర్లెనైనా మోకాళ్ల నొప్పులకు ఏం వైద్యం జేస్తరని అడుగుండ్రి. ఒకలు నూనె అంటరు, ఒకలు కాపడం అంటరు, ఒకలు సూది అంటరు. కుర్చీల సుట్టు ఉరికితె నొప్పులు పోతయని ఎవ్వలన్న చెప్పిన్రంటె మాత్రం గా వైద్యాన్ని లోకానికి ఇచ్చింది నేనే. నాకు సదువు లేదు, దవాఖానల పని చేసింది లేదు. ఉన్నదల్లా మా తోటికోడలు మీద కుళ్లు. గా ఒక్క కుళ్లుతోని చర్చిని చర్చి గాకుండ చేసి, పాస్టరయ్యను బిర్యాని డేగిశ కాడ కాపల కూసోబెట్టి, నేను మాత్రం మైకు పట్టుకొని నిలబడ్డ. ఎట్లనో చెప్త, నవ్వేది మీ ఇష్టం.

నా పేరు దీనమ్మ. దీనమ్మ అంటె దీనురాలు, వినయం గలది అని మా నాయిన పెట్టిండు. పేరుకూ మనిషికీ సంబంధం లేదని గప్పటికే ఊరంతటికి తెల్సు. తెలంగాణ వచ్చిన కొత్తల, మా చర్చిల స్త్రీల సంఘానికి నన్ను పెద్దను చేసిన్రు. మా పని చిన్నది. బుధవారం నాడు ఇండ్లు తిరుగుడు, మంచంల ఉన్నోళ్ల కాడ కూసోని ప్రార్థన చేసుడు, సదువు రానోళ్లకు వాక్యం సదివి ఇనిపిచ్చుడు. సారమ్మ అవ్వకు కండ్లు కనిపియ్యవు. మేం పోంగనే చెవి ఇటు పెట్టి, నోరు తెరుసుకొని ఇంటుండె, పిట్ట పిల్ల మేతకు నోరు తెరిసినట్టు.

అంత మంచిగనే ఉండె. గంతల మా తోటికోడలు రత్నమ్మక్క, అంటె మా ఆయన అన్న పెండ్లాం, రోడ్డుకు అవుతలి దిక్కు కొత్తగ లేసిన రేకుల షెడ్డు చర్చికి పోవుడు మొదలువెట్టింది. పోయినామె సప్పుడు జెయ్యక ఉంటదా? ఆడ ఆడోళ్లకు కుట్టుమిషన్ నేర్పిచ్చుడు పెట్టింది. పేపరోళ్లొచ్చి ఫొటో తీస్కపోయిన్రు. తెల్లారి జిల్లా పేజీల రత్నమ్మక్క, మిషన్ మీద చెయ్యేసి, పెండ్లిపిల్ల తీరుగ నవ్వుకుంట! నా ఫొటో అచ్చయింది ఓటరు లిస్టుల ఒక్కటే. అండ్ల నన్ను నేనే గుర్తువట్ట.

పేపర్ పట్టుకొని మా ఆయన యాకోబు ముంగట కూసున్న.

"సూడు మీ వదినె సంబురం."

"మంచిగనే వచ్చింది గదనే ఫొటో" అన్నడు.

గా పొద్దు ఆయనకు చాయల ఉప్పు పడ్డది. పొరపాటున గాదు.

అప్పటి సంది నా కడుపుల మిరపకాయ బజ్జీల మూకుడు పొయ్యి మీదనే ఉండె, దించింది లేదు. ఆమె కుట్టుమిషన్ పెడితె నేను మగ్గం వర్క్ పెట్టిన. ఆమె పిల్లలకు పాటల పోటీ పెడితె నేను డ్యాన్సుల పోటీ పెట్టిన. ఆమె ఆడోళ్లకు త్రోబాల్ అన్నది. నేను కబడ్డీ అన్న. చీరె కుచ్చిళ్లు దోపుకొని, చర్చి వెనుక జాగల కబడ్డీ కబడ్డీ అని మేం కూత పెడుతుంటె, బజారెంబడి పోయేటోళ్లు ఇదేం ఆరాధనో అని ఆగి సూసేటోళ్లు. బుధవారం ఇండ్లు తిరుగుడు ఎప్పుడు బందైందో నాకే యాదిలేదు. కబడ్డీ ప్రాక్టీసు బుధవారమే ఉండె మరి.

ఒకనాడు సారమ్మ అవ్వ కబురు పంపింది. "దీనమ్మ బతికే ఉన్నదా? మస్తు దినాలాయె, వాక్యం సదువ వస్తలేదు."

నేనేమన్ననో తెల్సా? "అవ్వను కబడ్డీకి తోలుకరాండ్రి, గాలి మారుతది" అన్న. కండ్లు కనిపియ్యని ముసలవ్వను! గా మాట యాదికొస్తె ఇప్పటికి నా నాలిక నేనే కొరుక్కుంట.

పాస్టరయ్య మెత్తని మనిషి. గట్టిగ మాట్లాడితె గోడకు నొప్పి లేస్తదనుకుంటడు. ఆయన గూడ ఒకనాడు నన్ను పిలిచిండు.

"అమ్మా, మన పనేంది?"

"ఏందయ్యా?"

"వాక్యం చెప్పుడు, ప్రార్థన చేసుడు, ఆపదల ఉన్నోళ్ల కాడికి పోవుడు. కడమయి, ఆటలు పాటలు, ఉంటె ఉండనీ. గాని అవే అయిపోతున్నయ్ గదమ్మా."

"అయ్యా, మీకు గిరాకి సంగతి తెల్వది. రోడ్డవుతల జనం ఎట్ల కూడుతున్నరో సూస్తున్నరా?"

"మనది దుకాణం గాదు గదమ్మా" అన్నడు.

నాకు ఇనపడలె. కుళ్లుకు చెవులు ఉండవు. కండ్లే ఉంటయ్, అవి గూడ రోడ్డవుతలనే సూస్తయ్.

ఇగ పెద్ద దెబ్బ కొట్టాలని ఆదివారం కుటుంబాల పండుగ పెట్టిన. బిర్యాని, పాటలు, పెద్దోళ్లకు కుర్చీలాట. గెలిచినోళ్లకు కొత్త ప్రెషర్ కుక్కర్. రత్నమ్మక్క ఇంటికి నేనే పోయి పిలిచిన. ప్రేమ అనుకునేరు! ఆమె వచ్చి సూసి, రాత్రికి నిద్ర పట్టక పొర్లాడాలె. గదీ నా కోరిక.

ఆదివారం వచ్చింది. పాస్టరయ్య చెవుల జెప్పిన, "అయ్యా, వాక్యం జర చిన్నగ చెప్పుండ్రి, బిర్యాని సల్లారుతది." ఆయన నన్ను సూసిండు, డేగిశను సూసిండు, బైబిల్ మూసిండు. ఆరాధన అయిపోంగనే ఆయనను డేగిశ కాడ కాపల కూసోబెట్టి, నడుమల కుర్చీలు ఏపిచ్చి, మైకు పట్టుకున్న. గప్పుడు గేటుల నుంచి ఒక మనిషి వచ్చిండు. బుజం మీద గొంగడి, చేతుల కట్టె, కండ్లు ఎర్రగ ఉన్నయ్. అవుతలి పల్లె గొర్ల కాపరి. ఎన్నడు చర్చి మెట్లెక్కినట్టు లేదు, దిక్కులు సూస్తుండు. నాకు సంబురమైంది. కొత్త మనిషి! నా పండుగ పేరు పల్లెల దాంక పోయింది!

"రా అన్నా, పేరేంది?"

"మల్లయ్య అమ్మా. మా లచ్చమ్మ కోసమని వచ్చిన..."

"ఆమె రాలేదా?"

"లేవలేదమ్మా, పండుకోని ఉన్నది."

ఆదివారం పూట ఇంకా పండుకున్నదంటె ఎంత సుఖమున్నదో అనుకున్న. "గయితె ఏం ఫికర్ లేదు. ఆమె తరపున నువ్వే చెయ్యి."

"నేను చేస్తె సాల్తదా అమ్మా?"

"ఎందుకు సాలదు? మొగడు చేసినా పెండ్లాం చేసినా ఒకటే."

ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. బిర్యాని పొగ అనుకున్న.

"చెప్పులు ఇడువాలెనా?"

"ఇడువు, ఇడిస్తెనే మంచిగుంటది." ఉరికేటందుకు అని నా అర్థం.

"ఎన్ని సుట్లు తిరగాలె?"

"పాట ఆగేదాంక తిరగాలె. ఆగంగనే కూసోవాలె. గంతే."

పాట మొదలైంది. అందరు నవ్వుకుంట ఒకలనొకలు నూకుకుంట ఉరుకుతున్నరు. మల్లయ్య మాత్రం రెండు చేతులు జోడిచ్చి, కండ్లు సగం మూసి, పెదవులల్ల ఏమో అనుకుంట తిరుగుతుండు. పాట ఆగంగనే కుర్చీని ముట్టి కండ్లకద్దుకొని కూసుంటుండు. జనం పడి పడి నవ్విన్రు. నేను మైకుల, "సూసిన్రా, మల్లన్న ఎంత భక్తితోని ఆడుతుండో!" అన్న. నిజం నా నోట్లెనుంచే వచ్చింది, నాకే తెల్వలె.

ఒక్కొక్కలు బయటికి పోయిన్రు. ఆఖరికి మిగిలింది ఒక్క కుర్చీ, ఇద్దరు మనుషులు. ఒకలు మల్లయ్య. ఇంకొకలు ఎవలనుకున్నరు? రత్నమ్మక్క! కొంగు నడుముకు చుట్టి, పులి తీరుగ కుర్చీ దిక్కు సూస్తుంది. నా కుక్కర్ రోడ్డవుతలికి పోతదా? రేపు అండ్ల పప్పు వండి, సీటి సప్పుడు నాకు ఇనపడేటట్టు కిటికీ తెరిసి పెడ్తది. మల్లయ్య కాడికి పోయి చెవుల జెప్పిన.

"అన్నా, ఎట్లనన్న నువ్వే కూసోవాలె. పరువంత నీ చేతులనే ఉన్నది. పానం పోయినా కుర్చీ ఇడువకు."

పానం అనంగనే ఆయన మొకం మారింది. "ఇడువనమ్మా" అన్నడు.

పాట మీద చెయ్యి నాదే. రత్నమ్మక్క కుర్చీ ఎనుకకు పోంగనే, మల్లయ్య ముంగటికి రాంగనే, టక్కున ఆపిన. ఆయన కుర్చీ మీద పడి రెండు చేతులతోని గట్టిగ వట్టుకున్నడు. ఆమె గూడ ఎనుకకెల్లి ఉరికొచ్చి, జాగ దొరకక, నేల మీద కూలవడ్డది. అబ్బ! నా జన్మల అంత సల్లని గాలి నాకెన్నడు తగులలె.

కుక్కర్ మల్లయ్య చేతుల వెట్టి మైకు మూతికి వెట్టిన. "అన్నా, గెలిచినవ్. రెండు మాటలు చెప్పు."

ఆయన కుక్కర్‌ను గుండెలకు ఒత్తుకున్నడు. "అమ్మా, నువ్వు చెప్పినట్టే తిరిగిన. కుర్చీ ఇడువలె. ఇగ మా లచ్చమ్మకు ఏం గాదు గదా? కడుపుల గడ్డ ఉన్నదట. ఇయ్యాల పొద్దుగూకక ముందే దవాఖానల కోస్తమన్నరు. పక్క మంచమామె చెప్పింది, కిరస్తానోళ్లు ప్రార్థన చేస్తరు, పొమ్మని. గీ గిన్నె ఆమె తలకాయి కాడ వెట్టాల్నా, కాళ్ల కాడ వెట్టాల్నా?"

నవ్వేటోళ్ల నోర్లు తెరుసుకున్నయి తెరుసుకున్నట్టే ఆగినయ్. మైకు కుయ్యిమన్నది. నేను భూమిలకు పోదామనుకున్న, కింద బండలు పరిచి ఉన్నయ్.

అందరికన్న ముందుగాల కదిలింది రత్నమ్మక్క. కింద వడ్డామె లేవనే లేవలె, గట్లనే మోకాళ్ల మీదికొచ్చింది. "చెల్లే, ఆయన ఆటకు రాలేదే, ప్రార్థనకొచ్చిండే" అనుకుంట కండ్లు మూసుకుంది. మీకు నిజం చెప్త, గా నిమిషంల గూడ నాకు కుళ్లే పుట్టింది. ఈమె మోకాళ్లు గూడ నాకన్న ముందుగాల్నే వంగినయ్ గదా అని!

పాస్టరయ్య మైకు నా చేతులకెల్లి తీసుకున్నడు. ప్రార్థన చేసిండు. ఆయెనుక, "దవాఖానకు పోదాం, నడువుండ్రి" అన్నడు. మెత్తగ కాదు, గట్టిగనే అన్నడు. బిర్యానికి మూతవెట్టి అందరం పోయినం.

దవాఖానల నర్సమ్మ గుంపును సూసి జడుసుకున్నది. ఇద్దరినే లోపటికి పోనిచ్చింది. పాస్టరయ్య నన్ను, రత్నమ్మక్కను తోలిండు. మంచం మీద లచ్చమ్మ ఎండిన ఆకు తీరుగ వణుకుతుంది. మల్లయ్య కుక్కర్ తెచ్చి తలాపున వెట్టిండు.

"గిదేందయ్యా?" అన్నది.

"నీ కోసం తిరిగి గెలుసుకొచ్చిన."

ఆమె గా భయంల గూడ కుక్కర్ దిక్కు సూసి, "సీటి ఉన్నదా?" అన్నది.

రత్నమ్మక్కకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. లచ్చమ్మ నా చెయ్యి వట్టుకుంది. ఐసు గడ్డ లెక్క ఉన్నది. తొవ్వపొంటి ఆలోచిచ్చుకుంటనే వచ్చిన, రత్నమ్మక్కకన్న పెద్ద ప్రార్థన చెయ్యాలని. గా చెయ్యి తగులంగనే అనుకున్నయన్ని మరిచిన. "దేవా, ఈమె భయపడుతాంది, జర తోడుండు" అన్న. గంతే. అవుతలి చెయ్యి రత్నమ్మక్క వట్టుకున్నది. ఎవలు ఎంత పెద్దగ చేసిన్రో గప్పుడు ఎవ్వలు లెక్కవెట్టలె.

గడ్డ తీసేసిన్రు, లచ్చమ్మ బతికింది. నేను కబడ్డీ బంద్ వెట్టి బుధవారం సారమ్మ అవ్వ ఇంటికి పోయిన. అడుగుల సప్పుడు వట్టి, "దీనమ్మవా? కబడ్డీల ఔటైనవా బిడ్డా?" అన్నది. "ఔటైన అవ్వా" అని బైబిల్ తెరిసిన.

ఇంతటితోని అయిపోతె నేను బతికిపోదును. లచ్చమ్మ లేచి తిరుగవట్టినంక ఒక ఆదివారం, చర్చి ముంగట ఒక ట్రాలీ ఆటో ఆగింది. నిండ జనం. నడుము పట్టేసినోళ్లు, మోకాళ్లు వాసినోళ్లు, కట్టెలు వట్టుకున్న ముసలమ్మలు. మల్లయ్య ముంగట దిగి చేతులు జోడిచ్చిండు. "అయ్యా, నేనెంత చెప్పినా ఇంటలేరు. కుర్చీలేవి అంటున్నరు."

పాస్టరయ్య నా దిక్కు తిరిగి, "దీనమ్మా, నువ్వే చెప్పమ్మా" అన్నడు.

చెప్పిన. కుర్చీలల్ల ఏం లేదు, అది ఆట, బుద్ధి తక్కువై పెట్టిన అని అందరి ముంగట చెప్పిన. పాస్టరయ్య ఒక్కొక్కల కాడ కూసోని, కష్టం అడిగి, ప్రార్థన చేసిండు. ఆఖరికి ఒక ముసలమ్మ నా కొంగు గుంజింది.

"ప్రార్థన మంచిగనే ఉన్నది బిడ్డా. గాని అంత దూరం నుంచొచ్చిన. ఎవ్వలకు చెప్పనుగాని, జర ఒక్క సుట్టన్న తిప్పు!"

గప్పుడే రత్నమ్మక్క రోడ్డు దాటి ఉరికొచ్చింది. ఆటోను సూసింది, జనాన్ని సూసింది. ఆమె కండ్లల్ల, నా కడుపు మీదొట్టు, అచ్చంగ నా కుళ్లే!

"ఎట్ల తెచ్చినవే చెల్లే గింతమందిని? ఏం పోటి వెట్టినవ్?"

ఇగో, మీ అందరి సాక్షిగ, నెత్తి మీద కొంగు కప్పుకొని చెప్తున్న: ఈ జన్మల దేవుని ఇంట్ల కుర్చీ అన్నది కూసునేటందుకే ఏస్త, పాట అన్నది ఆఖరి చరణం దాంక పాడిపిస్త, నడుమల ఆపితె నా చెయ్యి ఇరిగిపోవును గాక. ఆమెన్.