ఏడు ముక్కల మాట

కదిరిలో నర్సింగ్ మొదటి ఏడాది చదువుతున్న రోజులవి. ఇంగ్లీషు వైద్య పదాలంటే నాకు నోరు తిరిగేది కాదు. "మాటను ముక్కలుగా విరువు. ఏ ముక్క మీద ఒత్తి పలకాలో చూసుకో" అని మా మేడమ్ నేర్పారు. బస్సులోనైనా, బట్టలుతికేటప్పుడైనా తొడ మీద వేలితో తట్టుకుంటూ వల్లె వేసేదాన్ని.

ఆ ఎండాకాలం నాయనకు కడుపునొప్పి తగ్గకపోతే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. పరీక్షలన్నీ చూసిన డాక్టరు నా వైపు తిరిగి ఒక్క మాట అని, వచ్చే వారం రమ్మని లేచిపోయాడు.

"ఏమన్నాడు పాపా ఆయప్ప?" అన్నాడు నాయన.

అలవాటుగా వేలితో తట్టాను. "అ-డి-నో-కార్-సి-నో-మా."

చివరి 'నో' మీద ఒత్తి, తప్పు లేకుండా పలికాను. అబ్బ, నోరు తిరిగిందే అనుకున్నాను. ఆ వెంటనే దాని అర్థం గుర్తొచ్చింది. క్యాన్సర్. వేలు అక్కడే ఆగిపోయింది.

నాయన నా మొహం చూసి, సంచి తీసుకుని లేచాడు. మా ఊరు నల్లమాడ బస్సెక్కి కూర్చున్నాక, కాయలు కాసిన వేలితో నా చేతి మీద మెల్లగా తట్టాడు.

"మాట బాగా విరిచినావు పాపా. దాని అర్థం గూడా అట్లనే ముక్క ముక్కగా చెప్పు. ఒకేసారి చెప్తే నాతో కాదు."

నల్లమాడ వచ్చినా నేను మొదటి ముక్క చెప్పలేకపోయాను.

నాయన పోయినాక చదువు పూర్తి చేసి, ఇప్పుడు ఒక వార్డులో పనిచేస్తున్నాను. ఆ మాట పలకాల్సి వస్తే గబగబా అనేస్తాను. విరిచి పలకడం నా వల్ల కాదు.