సక్కుబాయి వంట కోచింగ్

లక్సెట్టిపేటలో సక్కుబాయి గల్ఫ్‌కు పోయే మగవాళ్లకు వంట నేర్పుతుంది. జీవితమంతా పొయ్యి ముందే నిలబడిన మనిషి కనుక, కోచింగ్ పెట్టిన రోజే ఇక పొయ్యి ముట్టనని నియమం పెట్టుకుంది. మధ్యాహ్నం నిద్ర లేచాకే క్లాసు. ఆమె కుర్చీలో కూర్చుని చెబుతుంది, వాళ్లు వండుతారు. ఆ వంటే ఆమెకు రాత్రి భోజనం. ఉప్పెక్కువైతే మళ్లీ వండిస్తుంది. గిన్నెలు కడగనివాణ్ణి మర్నాడు రానివ్వదు.

నిన్న పక్క వీధి రమ తన భర్తను వెంటబెట్టుకొచ్చింది.

"ఏ దేశం పోతుండు బిడ్డా?" అని సక్కుబాయి అడిగింది.

"ఏడికీ పోడు పెద్దమ్మా. ఇంట్లనే ఉంటడు."

సక్కుబాయి అతన్ని ఎగాదిగా చూసింది.

"పోయేటోళ్లు ఆకలికి భయపడి జల్ది నేర్చుకుంటరు. గీయన నేర్వాలంటే నువ్వు తల్లిగారింటికి పోవాలె."