అమీర్‌పేటలో మాయమైన గడ్డి గుబుర్లు

ఊరి పక్క బీళ్లలో సొంతంగా సర్వే చేసుకుని, దాన్ని కంప్యూటర్ మీద నడిపించి చూడడానికి హైదరాబాద్ బయల్దేరే టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ జోరు మీదున్న ఆ రోజుల్లో నేను కర్నూలు దగ్గర ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. మా ఊరి బీడు మీదుగా రోడ్డు, దాని పక్కన ప్లాట్లు వస్తాయన్నారు. అక్కడి కృష్ణజింకలకు ఏమవుతుందో లెక్కగట్టే పనిని రోడ్డు వేసేవాళ్లు అమీర్‌పేటలోని ఒక మ్యాపుల సంస్థకు ఇచ్చారు. బీడు తెలిసిన మనిషి సంతకం కావాలని ఆ సంస్థ నన్ను పిలిచింది. అంతకుముందు రెండేళ్లు ప్రతి ఆదివారం నేనూ, గొర్రెలు కాసే మద్దిలేటీ ఆ బీడంతా నడిచాం. తల్లిజింకలు పిల్లల్ని దాచే ఎత్తైన గడ్డి గుబుర్లన్నీ అతనే చూపించాడు. అవన్నీ గుర్తు పెట్టిన నోటుబుక్కు తీసుకుని బయల్దేరాను.

తెల్లవారుజామున అయిదింటి బస్సు ఎక్కితే పదిన్నరకు ఇమ్లీబన్ బస్టాండులో దించింది. అక్కణ్ణుంచి సిటీబస్సులో లక్డీకాపూల్, ఖైరతాబాద్, పంజాగుట్ట మీదుగా అమీర్‌పేటకు గంట పట్టింది. ఎక్కువసేపు నిలబడే వెళ్లాను. మైత్రీవనం దగ్గర దిగగానే ఎవరో నా చేతిలో జావా కోర్సు కాగితం పెట్టి, "డెమో ఫ్రీ మేడం, కూర్చొని పోండ్రి" అన్నాడు. వెనక సందులో, కోచింగ్ సెంటర్ల పైన మూడో అంతస్తులో ఉంది ఆ సంస్థ.

కంప్యూటర్ ముందున్న యాదగిరి నాకు కుర్చీ లాగాడు. తెర మీద మా బీడంతా గళ్ల కాగితంలా పరిచి ఉంది.

"గీ ఆకుపచ్చ గడులన్నీ గడ్డి మేడం. ఒక్కో గడి ముప్పై మీటర్లు. రోడ్డు పడినంక ప్లాట్లు ఎట్ల పెరుగుతయో రూల్ పెట్టినం. ఏడాదికి కొన్ని గడులు మారుతయి. ఇరవై ఏండ్లకు ఏం మిగుల్తదో చూస్తం."

బటన్ నొక్కాడు. ఏళ్లు ఒక్కొక్కటే దాటాయి. ఆకుపచ్చ పెద్దగా తగ్గలేదు. నాకు నమ్మబుద్ధి కాలేదు. నోటుబుక్కు తెరిచి మొదటి ఏడాది మ్యాపుతో పోల్చుకున్నాను. గుబుర్లు ఒక్కటీ లేవు.

"చిన్న ముక్కలు ముందే తీసేసినం మేడం. తొమ్మిది గడుల కన్న తక్కువుంటే శాటిలైట్ బొమ్మల పడ్డ మచ్చ కింద లెక్క. పక్కదాంట్ల కలిపేస్తది."

"అవి మచ్చలు కావు బాబూ, జింకపిల్లలు దాక్కునే చోట్లు. మొదటి ఏడే లేనివి ఇరవయ్యో ఏట పోయినట్టు ఎలా కనిపిస్తాయి?"

అతను యజమాని గది వైపు చూశాడు. "జర ఆగుండ్రి. సారు భోజనానికి పోయినంక మల్ల నడుపుతా."

యజమాని వెళ్లగానే చిన్న ముక్కల్ని కలిపేసే ఆ రూల్ తీసేసి నడిపాడు. ఈసారి గుబుర్లు నా నోటుబుక్కులో ఉన్నట్టే చుక్కలు చుక్కలుగా కనిపించాయి. నాలుగో ఏటికి రోడ్డు పక్కవి పోయాయి. తొమ్మిదో ఏటికి రెండు పెద్ద గడ్డిముక్కల మధ్య ఉన్న వరస తెగింది.

"మంద రెండైతది మేడం. గింత పని జేసిన గానీ ఇట్ల ఎవ్వరు అడగలే," అన్నాడు యాదగిరి మెల్లగా.

యజమాని తిరిగొచ్చి తెర చూశాడు. గోదావరి జిల్లా మనిషి, మర్యాదగా మాట్లాడేవాడు.

"చిన్న ముక్కలు తీసెయ్యడం అందరూ చేసేదేనండి. శాటిలైట్ బొమ్మలో తప్పులుంటాయి కదా."

"తప్పులు కాదండీ. నేను నడిచి చూసినవి."

"సరే మేడం గారూ, రెండో మ్యాపు కూడా చివర్లో పెట్టించేస్తాను. మీరు సంతకం చేసెయ్యండి. అయిదు లోపు మాసబ్ ట్యాంక్‌లో రోడ్డుకు అనుమతిచ్చే ఆఫీసులో మీరే ఇచ్చెయ్యాలి."

గెలిచాననుకుని సంతకం పెట్టాను. బైండింగ్ అయ్యేలోపు పంజాగుట్టలో ఒక మెస్సుకు వెళ్లాను. ప్లేటు భోజనం ముప్పై రూపాయలు. "బాగా ఆకలి మీదున్నారండీ, ఇంకొంచెం పప్పు వెయ్యనా?" అని వంటావిడ అడిగితే వేయించుకున్నాను. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగింటికి రిపోర్టు చేతికిచ్చారు. ఆటో ఎక్కాక చివరి పేజీ తిప్పాను. రెండో మ్యాపు ఉంది. అగ్గిపెట్టె అంత సైజులో, నలుపు తెలుపుల్లో. గడ్డీ ప్లాట్లూ ఒకే మసిలా ఉన్నాయి.

"అన్నా, వెనక్కి తిప్పు."

"అమీర్‌పేటకా అక్కా? గీ టైంల పోయి రానీకె గంటన్నర. మీ ఆఫీసు బందైతది."

ఆ రోజు ఇవ్వకపోతే జింకల మాటే లేకుండా ఫైలు ముందుకు పోతుందేమోనని భయపడ్డాను. కనీసం ఆ పేజీ మీద పెన్నుతో రెండు ముక్కలైనా రాయవలసింది. రాయలేదు. "పోనీ," అన్నాను. ఆఫీసులో గుమస్తా ముద్ర వేసి, "సారాంశం ఏ పేజీ మేడం?" అని ఒక్కటే అడిగాడు.

మరుసటి ఏడు రోడ్డు పడింది. ఆ తర్వాత వానాకాలం మద్దిలేటి నన్ను బీడుకు తీసుకెళ్లాడు.

"జింకలు సగం రోడ్డుకు ఆ పక్క, సగం ఈ పక్క నిలబడతన్నాయి మేడం. పిల్లలు ఈ తూరి ఒక్కటీ కనపళ్లే." నా వైపు తిరిగి అడిగాడు. "ఆ పేపర్లో నువ్వే సంతకం పెట్టినావంట, నిజమేనా?"

"పెట్టాను," అన్నాను. అతను గొర్రెల్ని అదిలించుకుంటూ వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏ ఆదివారమూ నాతో రాలేదు.

కంప్యూటర్‌ను తిట్టుకోవడం తేలిక. కానీ అది చెప్పినట్టే చేసింది. యాదగిరి అడిగినదానికి నిజమే చెప్పాడు. ఆ మూడో అంతస్తులో ఆ గడ్డిని కళ్లారా చూసినదాన్ని నేనొక్కదాన్నే. వాళ్లకు నా దగ్గర కావలసింది నోటుబుక్కు కాదనీ, రిపోర్టు కింద నా సంతకమేననీ తెలిసేసరికి ఆలస్యమైంది. మీరూ ఇలాంటి పని మీద వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి: బైండింగ్ పూర్తయి, రిపోర్టు చివరి పేజీ దాకా మీ చేతులతో తిప్పి చూశాకే పెన్ను మూత తీయండి.